తంత్రుల మధ్య ఎడం

పరవాడ ప్రాంతంలో తలెత్తి చూచినవారికి ముందుగా కనిపించేవి విద్యుత్ తీగలు. అక్కడి సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఆ విద్యుత్తు ఎత్తయిన ఉక్కు స్తంభాల మీదుగా దూరప్రాంతాలకు పోతున్నది. ఒక తీగకూ మరొక తీగకూ మధ్య చాలినంత ఎడం విడిచి ఉండడం ఎవరైనా గమనింపవచ్చును. సముద్రపు గాలికి తీగలు ఊగుతాయి. ఊగినప్పుడు అవి ఒకదానినొకటి సమీపించి, వాటి మధ్య విద్యుత్తు దూకరాదు. అందుచేత ఎంత ఎడం ఉండవలెనో ఇంజనీర్లు ముందుగానే లెక్క కడతారు.

పక్కపక్కన బిగించిన తీగలు సంగీత వాద్యాలలోనూ ఉన్నవి. వీణ, తంబుర, సితారు, గిటార్, మాండలిన్ మొదలైనవన్నీ తంత్రీవాద్యాలే. వాటిలోనూ తీగకూ తీగకూ మధ్య ఎంతో కొంత ఎడం ఉండక తప్పదు. అయితే ఆ ఎడం దేనిని బట్టి నిర్ణయమవుతుంది? స్తంభాల మీది తీగలవలె, ఇక్కడ కూడా తీగ ఊగే దూరమేనా? లేక వేరే కారణమేదైనా ఉన్నదా? ఇది పైకి చిన్న ప్రశ్నగానే తోచవచ్చును. కాని వాద్యం నేర్చుకొనే విద్యార్థికి చేయి నొప్పి పుట్టేదీ లేనిదీ, వాద్యం మీద ఇష్టం నిలిచేదీ పోయేదీ చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉన్నది. ఈ విషయాన్ని అన్నిటికంటె స్పష్టంగా చూపే వాద్యం బేస్ గిటార్. దాని తంత్రులు పొడవైనవి, లావైనవి. కనుక కొలతలో వచ్చే స్వల్ప భేదం కూడా చేతికి వెంటనే తెలిసిపోతుంది.

బేస్ గిటార్ అంటే ఏమి?

మామూలు గిటార్‌కు ఆరు తంత్రులు. వాటిలో మంద్రంగా పలికే నాలుగింటిని తీసుకొని, ఒక్కొక్కదానిని ఒక స్థాయి కిందికి దించితే బేస్ గిటార్ శ్రుతి వస్తుంది. ఆ నాలుగు తంత్రుల పౌనఃపున్యాలు వరుసగా సెకనుకు సుమారు 41, 55, 73, 98 కంపనాలు. సినిమా పాటలో గాయకుని గొంతు వెనుక, తాళానికి తోడుగా గంభీరంగా నడిచే స్వరం చాలాసార్లు ఈ వాద్యానిదే. ఇళయరాజా కూర్చిన పాటలను శ్రద్ధగా విన్నవారు దానిని సులభంగా గుర్తుపట్టగలరు.

ఈ వాద్యాన్ని విరివిగా ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా దేశంలోని లియో ఫెండర్. ఆయన సంస్థ 1951లో ‘ప్రెసిషన్ బేస్’ అనే నాలుగు తంత్రుల విద్యుత్ గిటార్‌ను విడుదల చేసింది. అంతకు పూర్వం ఈ మంద్రస్వరాలకు నిలువెత్తు ‘డబుల్ బేస్’ వాయించేవారు. దానిని ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకొనిపోవడమే పెద్ద పని. ఫెండర్ వాద్యాన్ని భుజానికి తగిలించుకొనవచ్చును.

ఆ వాద్యంలో తంత్రి మోగే పొడవు 34 అంగుళాలు, అనగా సుమారు 864 మి.మీ. విద్యుత్ గిటార్‌లో ఈ పొడవు సుమారు 648 మి.మీ. మాత్రమే. ఈ భేదానికి కారణం భౌతికశాస్త్ర పాఠంలోనే ఉన్నది. బిగించిన తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలోనూ, తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలోనూ, రేఖీయ సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలోనూ ఉంటుంది. పౌనఃపున్యం సగం కావలెనంటే తీగను రెట్టింపు పొడవు చేయవలెను; లేదా దాని రేఖీయ సాంద్రతను నాలుగు రెట్లు చేయవలెను; లేదా తన్యతను నాలుగో వంతుకు తగ్గించవలెను. తన్యత మరీ తగ్గితే తీగ వదులై మెట్లకు కొట్టుకుంటుంది. అందువల్ల కొంత పొడవు పెంచి, కొంత లావు పెంచి పని సాధించారు. సాధారణంగా వాడే నాలుగు తంత్రుల వ్యాసాలు సుమారు 2.67, 2.16, 1.65, 1.14 మి.మీ. ఒక్కొక్క తంత్రిలోని లాగుడు సుమారు 18 నుండి 23 కిలోల బరువును వేలాడదీసినంత ఉంటుంది.

రెండు కొసలు, రెండు కొలతలు

బేస్ గిటార్ తంత్రులు సమాంతర రేఖలు కావు. దండి చివర, బిరడాల దగ్గర, తంత్రులు ఒక చిన్న గంటుల పలకమీదుగా పోతాయి. వీణలో దీనికి సాటి వచ్చేది మేరువు. రెండవ కొసన, వాద్యపు ఒడలిమీద, అవి గుర్రం మీద ఆనుతాయి. మేరువు దగ్గర తంత్రులు దగ్గరగానూ, గుర్రం దగ్గర దూరంగానూ ఉంటాయి. అనగా నాలుగు తంత్రులూ విసనకర్ర ఈనెలవలె ఒక కొస నుండి మరొక కొసకు విప్పారుతూ పోతాయి.

మేరువు దగ్గర దండి వెడల్పు 38 మి.మీ. ఉన్న వాద్యాన్ని తీసుకొందాం. రెండు అంచులలోనూ తంత్రి నడిమిరేఖ వరకు 4 మి.మీ. చొప్పున విడిచిపెడితే 30 మి.మీ. మిగులుతుంది. నాలుగు తంత్రుల మధ్య ఉండే సందులు మూడు. కనుక ఒక్కొక్క ఎడం 10 మి.మీ. అవుతుంది. గుర్రం దగ్గర ఇదే ఎడం సాధారణంగా 19 మి.మీ., అనగా ముప్పాతిక అంగుళం. అంటే 864 మి.మీ. పొడవున 9 మి.మీ. పెరుగుదల. తంత్రులు సరళరేఖలు కనుక మధ్యలో ఎక్కడ ఎంత ఎడమో త్రైరాశికంతో చెప్పవచ్చును. సరిగా సగం దూరంలో, పన్నెండవ మెట్టు వద్ద, 14.5 మి.మీ. ఇరవయ్యవ మెట్టు వద్ద 16 మి.మీ. పైచిలుకు. గుర్రానికి 16 సెం.మీ. ఇవతల, వాదకుడు సాధారణంగా మీటే ప్రాంతంలో, 17.3 మి.మీ.

ఇందువల్ల ఒక సంగతి తేలుతున్నది. దుకాణంలో చెప్పే ‘పంతొమ్మిది మిల్లీమీటర్ల ఎడం’ గుర్రం మీది కొలత మాత్రమే. మీటే వేలికి దొరికే ఎడం అంతకంటె తక్కువ. అదే వాదకుడు చేతిని దండివైపు జరిపితే ఎడం ఇంకా తగ్గుతుంది. గుర్రంవైపు జరిపితే పెరుగుతుంది. వాద్యం మార్చకుండానే చేయి జరిపి ఒక మిల్లీమీటరు వరకు ఎడం సంపాదించుకొనవచ్చునన్నమాట. దానితోపాటు నాదం కూడా మారుతుంది. గుర్రానికి దగ్గరగా మీటిన తంత్రిలో ఉపస్వరాలు బలపడి ధ్వని పదునుగా ఉంటుంది.

తీగ ఎంత ఊగుతుంది?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వాద్యంలో ఎడాన్ని నిర్ణయించేది తీగ ఊగే దూరమేనా? దీనిని లెక్కవేసి చూడవచ్చును.

తంత్రిలోని లాగుడు 17 కిలోలు అనుకొందాం. గుర్రం నుండి 16.4 సెం.మీ. దూరంలో, అనగా మేరువు నుండి 70 సెం.మీ. దూరంలో, అరకిలో బలంతో తంత్రిని పక్కకు లాగినాం. తంత్రి ఎంత జరుగుతుంది? లాగిన బలాన్ని ఆ రెండు దూరాల లబ్ధంతో గుణించి, తన్యతా మొత్తం పొడవూ కలిపిన లబ్ధంతో భాగించవలెను. అరను 16.4తోనూ 70తోనూ గుణిస్తే 574. పదిహేడును 86.4తో గుణిస్తే సుమారు 1,469. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 0.39 సెం.మీ., అనగా సుమారు 4 మి.మీ.

రెండు పొరుగు తంత్రులూ ఒకేసారి ఎదురెదురుగా 4 మి.మీ. చొప్పున ఊగినా కావలసినది 8 మి.మీ. అక్కడ ఉన్న ఎడం 17 మి.మీ. మేరువు దగ్గర ఎడం 10 మి.మీ. మాత్రమే అయినా, అక్కడ తంత్రి కదలిక దాదాపు సున్న. కనుక తంత్రులు ఒకదానితో ఒకటి కొట్టుకొంటాయన్న భయం బేస్ గిటార్‌లో లేదు. స్తంభాల మీది తీగలకు ఎడం గాలి కోసం, విద్యుత్తు కోసం. వాద్యం మీది తీగలకు ఎడం మనిషి వేలి కోసం. మనుషుల వేళ్ళు అన్నీ ఒక్క తీరున ఉండవు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మీటే చేయి కోరేది

బేస్ గిటార్‌ను చాలామంది కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మార్చిమార్చి మీటుతూ వాయిస్తారు. మీటిన వేలు గాలిలో ఆగదు. తంత్రిని దాటి పోయి, దాని పక్కనున్న లావు తంత్రి మీద ఆని నిలుస్తుంది. ఆ పక్క తంత్రే వేలికి ఆధారం. కనుక రెండు తంత్రుల మధ్య సందు, వేలు పరుగెత్తి ఆగే బాట వంటిది.

పెద్దవారి చూపుడువేలి కొన వెడల్పు సుమారు 15 నుండి 20 మి.మీ. వరకు ఉంటుంది. సందు మరీ ఇరుకైతే వేలు మీటవలసిన తంత్రి లోతుకు దిగకముందే పక్కదానికి తగులుతుంది, స్వరం మొద్దుబారుతుంది. సందు మరీ వెడల్పైతే మీటడం సులువే కాని, ఒక తంత్రి నుండి మరొక తంత్రికి పోవడానికి ఎక్కువ దూరం నడవవలెను. మొదటి తంత్రి నుండి నాలుగవ తంత్రికి దూరం, ఎడం 19 మి.మీ. అయితే 57 మి.మీ.; 16.5 మి.మీ. అయితే 49.5 మి.మీ. ఏడున్నర మిల్లీమీటర్ల తేడా ఒక్కసారికి లెక్కలోనిది కాదు. కాని నిమిషానికి 120 తాళపు దెబ్బల నడకలో, దెబ్బకు నాలుగు స్వరాలు వాయించే వాదకుడు సెకనుకు ఎనిమిది మీట్లు వేస్తాడు. అప్పుడు ఆ చిన్న తేడాయే వేగానికీ, అలసటకూ కారణమవుతుంది.

వాయించే పద్ధతిని బట్టి కూడా అవసరం మారుతుంది. బొటనవేలితో తంత్రిని కొట్టి, చూపుడువేలిని తంత్రి కిందికి పోనిచ్చి పైకి లాగి విడిచే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని 1960వ దశాబ్దంలో అమెరికన్ వాదకుడు లారీ గ్రాహం ప్రచారం చేశాడు. ఈ పద్ధతిలో వేలు తంత్రి కిందికి దిగవలెను కనుక సందు విశాలంగా ఉండడమే మేలు.

అదిమే చేయి కోరేది

ఎడమచేతి అవసరం దీనికి విరుద్ధం. దానికి దండి సన్నగా, తంత్రులు దగ్గరగా ఉండడమే హాయి.

ఎడమచేతికి ఒకేసారి రెండు దిక్కులలో పని ఉన్నది. ఒకటి దండి పొడవునా సాగడం. రెండవది దండికి అడ్డంగా సాగడం. పొడవునా ఎంత సాగవలెనో మెట్ల దూరాలు చెబుతాయి. ప్రతి మెట్టూ అంతవరకు మిగిలిన పొడవులో సుమారు పద్దెనిమిదవ వంతు దూరంలో ఉంటుంది. 864 మి.మీ. తంత్రికి మొదటి మెట్టు 48.5 మి.మీ. దూరంలో వస్తుంది. తరువాతి దూరాలు 45.8, 43.2, 40.8 మి.మీ. మొదటి మెట్టు నుండి నాలుగవ మెట్టు వరకు చూపుడువేలినీ చిటికెనవేలినీ చాపవలెనంటే సుమారు 130 మి.మీ. సాగవలెను. మామూలు విద్యుత్ గిటార్‌లో ఇదే దూరం సుమారు 97 మి.మీ. మాత్రమే.

పొడవునా ఇంత సాగిన చేయి అడ్డంగా కూడా దూరం పోవలసి వస్తే బొటనవేలు దండి వెనుక ఇంకా కిందికి దిగుతుంది. మణికట్టు ముందుకు వంగుతుంది. ఈ వంపు వల్ల కలిగే నష్టాన్ని ఒక చిన్న పరీక్షతో తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థి మణికట్టును నిటారుగా ఉంచి పిడికిలి బిగించవలెను. తరువాత మణికట్టును అరచేతివైపు పూర్తిగా వంచి, మళ్ళీ పిడికిలి బిగింప ప్రయత్నించవలెను. రెండవసారి పిడికిలి బిగియదు, బలం సన్నగిల్లుతుంది.

కారణం సులభం. వేళ్ళను ముడిచే ముఖ్యమైన కండరాలు చేతిలో లేవు, ముంజేతిలో ఉన్నవి. వాటి నుండి తాళ్ళవంటి స్నాయువులు మణికట్టులోని ఇరుకైన దారి గుండా వేళ్ళకు పోతాయి. మణికట్టు ముందుకు వంగినప్పుడు ఈ తాళ్ళు వదులై, కండరానికి లాగే శక్తి తగ్గుతుంది. ఆ ఇరుకు దారిలోనే బొటనవేలికీ, పక్క వేళ్ళకూ స్పర్శ తెలిపే ఒక నాడి కూడా ఉన్నది. మణికట్టు వంగినకొద్దీ దారిలో ఒత్తిడి పెరుగుతుంది. గంటలతరబడి, రోజులతరబడి అట్లే సాగితే తిమ్మిరి, నొప్పి కలుగవచ్చును. అట్టి లక్షణాలు కనిపించినప్పుడు పట్టుదలతో వాయిస్తూ పోవడం సాధన కాదు. వాద్యం దించి విశ్రాంతి తీసుకోవలెను. తగ్గకపోతే వైద్యునికి చూపించుకోవలెను.

మేరువు దగ్గర 10 మి.మీ. ఎడంలో 15 మి.మీ. వేలికొన ఎట్లా పడుతుందని ఎవరికైనా సందేహం రావచ్చును. వేలు బల్లపరుపుగా కాక, కొనతో దిగుతుంది కనుక తంత్రికి తగిలే భాగం సన్నమే. మిగిలిన కండ పక్క తంత్రిని మృదువుగా తాకినా బేస్ గిటార్‌లో అది తప్పుకాదు. చాలాసార్లు అవసరం కూడాను. ఒక తంత్రి మోగితే పక్క తంత్రి అనునాదం వల్ల తనంతట తానే మోగసాగుతుంది. ఆ అనవసరపు మోతను అణచడానికి వాదకులు వేలి కండనే ఉపయోగిస్తారు.

రాజీ కుదిరిన తీరు

మీటే చేయి విశాలం కోరుతున్నది. అదిమే చేయి ఇరుకు కోరుతున్నది. తంత్రులను విసనకర్రవలె విప్పార్చడం ఈ రెండు కోరికలకూ కుదిర్చిన రాజీ. ఈ రాజీలో ఏ కొస ఎంత ఉండవలెనన్నది నిర్మాతలు మార్చి మార్చి చూశారు. ఫెండర్ మొదటి వాద్యంలో మేరువు దగ్గర దండి వెడల్పు ఒకటి ముప్పాతిక అంగుళం, అనగా 44.5 మి.మీ. 1960లో అదే సంస్థ ‘జాజ్ బేస్’ను విడుదల చేసినప్పుడు ఆ వెడల్పును ఒకటిన్నర అంగుళానికి, అనగా 38 మి.మీ.కు తగ్గించింది. పైన చెప్పిన లెక్క ప్రకారం ఎడం సుమారు 12 మి.మీ. నుండి 10 మి.మీ.కు దిగిందన్నమాట. ఈ రెండు మి.మీ. తేడా వల్ల రెండు వాద్యాలకు వేర్వేరు అభిమానులు ఏర్పడ్డారు.

పొడవునే తగ్గించిన నిర్మాతలూ ఉన్నారు. జర్మనీలోని హోఫ్నర్ సంస్థ ఫిడేలు ఆకారంలో చేసిన బేస్ గిటార్‌లో తంత్రి పొడవు సుమారు 76 సెం.మీ. మాత్రమే. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ 1961లో అట్టి వాద్యాన్నే కొన్నాడు. దానిమీద మొదటి మెట్టు నుండి నాలుగవ మెట్టుకు చేయి సాగవలసినది సుమారు 115 మి.మీ. చిన్న చేతులవారికి ఈ ఒకటిన్నర సెంటీమీటరు గొప్ప ఉపశమనం.

అయిదవ తంత్రి చేర్చినప్పుడు చిక్కు ఎక్కువవుతుంది. సెకనుకు సుమారు 31 కంపనాలు చేసే ఈ తంత్రిని చేర్చి ఎడం 19 మి.మీ.గానే ఉంచితే, గుర్రం మీద తంత్రుల విస్తారం 57 మి.మీ. నుండి 76 మి.మీ.కు పెరుగుతుంది. దండి కూడా వెడల్పవుతుంది; ఎడమచేతికి కష్టం. ఎడాన్ని 17 మి.మీ.కు తగ్గిస్తే విస్తారం 68 మి.మీ.; ఎడమచేతికి తేలిక, కుడివేలికి ఇరుకు. అందువల్లనే అయిదు తంత్రుల వాద్యాలు 16.5 మి.మీ. మొదలు 19 మి.మీ. వరకు పలు ఎడాలతో తయారవుతున్నవి.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉన్నది. ఎడాన్ని తంత్రుల నడిమిరేఖల మధ్య కొలవాలా, అంచుల మధ్య కొలవాలా? నడిమిరేఖలు అన్నీ 19 మి.మీ. దూరంలో ఉన్నవనుకొందాం. అప్పుడు రెండు లావు తంత్రుల మధ్య ఖాళీ 16.6 మి.మీ.; రెండు సన్న తంత్రుల మధ్య ఖాళీ 17.6 మి.మీ. కంటికి సమంగా తోచినా వేలికి సమం కాదు. అందుచేత కొందరు నిర్మాతలు నడిమిరేఖలను కాక ఖాళీలను సమం చేస్తారు.

మన వాద్యాలు చెప్పే పాఠం

ఈ సమస్య మనకు కొత్తది కాదు. పరవాడకు ఉత్తరంగా వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో, బొబ్బిలి సమీపాన గొల్లపల్లి గ్రామం ఉన్నది. పనస మొద్దును తొలిచి వీణలు చేసే సర్వసిద్ధి వంశీయుల పనితనానికి ఆ గ్రామం ప్రసిద్ధి. కుండ, దండి ఒకే మానుతో చేసిన వీణను ఏకాండి వీణ అంటారు. వీణకు ఏడు తంత్రులు. వాటిలో నాలుగు మెట్ల మీదుగా పోయి స్వరాలు పలుకుతాయి. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం అని వాటి పేర్లు. మిగిలిన మూడూ పక్కన ఉండి తాళానికి, శ్రుతికి తోడ్పడతాయి. మైనపు పట్టెల మీద నిలిపిన 24 మెట్లపై వాదకుని ఎడమచేతి వేళ్ళు నడుస్తాయి.

వీణలో ఎడానికి ఒక కొత్త కారణం తోడవుతుంది. అది గమకం. వాదకుడు తంత్రిని మెట్టు మీద అదిమి ఊరుకోడు; అడ్డంగా లాగుతాడు. లాగినప్పుడు తన్యత పెరిగి స్వరం పైకి పోతుంది. ఎంత తన్యత పెరగవలెను? పౌనఃపున్యం తన్యత వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక, స్వరం అరమెట్టు పైకి పోవడానికి తన్యత సుమారు 12 శాతమూ, పూర్తి మెట్టు పోవడానికి సుమారు 26 శాతమూ పెరగవలెను. అంత లాగిన తంత్రి తన చోటు విడిచి మెట్టు మీద పక్కకు జరుగుతుంది. దానికి చోటు కావలెను. బేస్ గిటార్ ఎడాన్ని మీటే వేలు నిర్ణయిస్తే, వీణలో లాగే వేలికి కూడా అందులో మాట ఉన్నది.

తంత్రి ఆనే గుర్రం విషయంలో కూడా కొలతలకు ఎంత ప్రాధాన్యం ఉన్నదో చూపినవాడు సర్ సి. వి. రామన్. ఆయన బాల్యమూ, పాఠశాల చదువూ విశాఖపట్నంలోనే సాగినవి. తంబుర, వీణలకు పాశ్చాత్య వాద్యాలలోవలె పదునైన అంచు గుర్రం కాక వెడల్పైన గుర్రం ఉండడం వల్లనే వాటి నాదంలో ఉపస్వరాలు సమృద్ధిగా ఉంటాయని ఆయన 1921లో ప్రకటించిన వ్యాసంలో వివరించాడు. వాద్యంలో మిల్లీమీటర్ల లెక్క చేతికే కాదు, చెవికి కూడా తెలుస్తుందనడానికి అది నిదర్శనం.

తంత్రుల అమరికను ధైర్యంగా మార్చినవారిలో పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చెప్పుకోదగినవాడు. మాండలిన్‌కు ఎనిమిది తంత్రులు, నాలుగు జంటలుగా ఉంటాయి. ఒక్కొక్క జంటలోని రెండు తంత్రులూ ఒకే శ్రుతిలో, దాదాపు ఆనుకొని ఉంటాయి. జంటను గబగబా మీటడానికి ఇది అనుకూలమే. కాని కర్ణాటక సంగీతపు గమకం కోసం అడ్డంగా లాగితే రెండింటిలోనూ తన్యత సమంగా పెరగడం కష్టం. వెంటనే అపశ్రుతి తొంగిచూస్తుంది. శ్రీనివాస్ జంటలను విడిచి, అయిదు ఒంటి తంత్రులు గల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టాడు. ఆ చిన్న వాద్యం మీద ఆయన పలికించిన రాగాలను 2014లో ఆయన మరణించేనాటికి లోకమంతా విన్నది. వాద్యం సంగీతానికి లొంగవలెనే కాని సంగీతం వాద్యానికి లొంగరాదని ఆయన చేతలతో చూపాడు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

ఈ విషయమంతా ఖరీదైన వాద్యం లేకుండానే తరగతిలో పరీక్షింపవచ్చును. ఒక మీటరు పొడవున్న మూడు చెక్కలు తీసుకోవలెను. ఒక్కొక్కదాని మీద 864 మి.మీ. దూరంలో రెండు కొసలా నాలుగేసి మేకులు కొట్టవలెను. ఒక కొసన మూడు చెక్కలకూ ఎడం 10 మి.మీ. రెండవ కొసన మొదటిదానికి 16 మి.మీ., రెండవదానికి 17.5 మి.మీ., మూడవదానికి 19 మి.మీ. తంత్రులకు బదులు గట్టి నైలాన్ దారం కట్టవచ్చును. ముత్యాలమ్మపాలెం, తిక్కవానిపాలెం వంటి పరవాడ తీరగ్రామాలలో గాలపు దారం దొరకడం కష్టం కాదు. దారాన్ని నేలకు కొంత ఎత్తుగా నిలపడానికి కొసలలో సన్నని కర్రముక్కలు పెట్టితే చాలును.

ముందుగా ప్రతి విద్యార్థీ తన చూపుడువేలి కొన వెడల్పును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి వ్రాసుకోవలెను. చేతిని కాగితంపై చాపి, చూపుడువేలి కొస నుండి చిటికెనవేలి కొస వరకు దూరం కూడా కొలవవలెను. తరువాత కళ్ళు మూసుకొని, ఉపాధ్యాయుడు చెప్పిన వరుసలో తంత్రులను ఒక నిమిషం పాటు మీటవలెను. పక్కనున్న విద్యార్థి తప్పులను లెక్కిస్తాడు. మూడు చెక్కల మీదా అదే వరుసను అదే వేగంతో మీటి, ఫలితాలను పట్టికగా వ్రాయవలెను. వేలి వెడల్పును అడ్డగీత మీద, తప్పుల సంఖ్యను నిలువుగీత మీద గుర్తించి రేఖాపటం గీస్తే, ఏ వెడల్పు వేలికి ఏ చెక్క అనుకూలమో విద్యార్థులే చర్చింపగలరు.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త అవసరం. మొదట వాడిన చెక్క మీద తప్పులు సహజంగానే ఎక్కువ వస్తాయి. ఎందుకంటే చేయి ఇంకా అలవాటు పడలేదు. కనుక కొందరు విద్యార్థులు ఇరుకు చెక్కతో, కొందరు వెడల్పు చెక్కతో ప్రారంభించవలెను. అలవాటునూ, అనుకూలాన్నీ వేరుచేసి చూడడమే శాస్త్రీయ పద్ధతి. వాద్యం కొనేవారు కూడా దీనిని మరువరాదు. పాత వాద్యానికి అలవాటు పడిన చేతికి ఏ కొత్త ఎడమైనా మొదటి దినం ఇబ్బందిగానే ఉంటుంది. కొన్ని దినాల సాధన తరువాత కూడా ఇబ్బంది తగ్గకపోతేనే దానిని కొలతల దోషంగా భావించవలెను.

ముగింపు

తంత్రుల మధ్య ఎడానికి అందరికీ సరిపడే సంఖ్య ఒకటి లేదు. విశాలమైన ఎడం మంచిదని ఒకరు, ఇరుకైన ఎడం మంచిదని మరొకరు వాదిస్తే, ఇద్దరూ తమ తమ చేతుల గురించే చెబుతున్నారని గ్రహించవలెను. విద్యుత్ తీగల ఎడాన్ని ఒకసారి లెక్క కట్టితే అట్టి స్తంభాలన్నిటికీ అదే చెల్లుతుంది. వాద్యపు ఎడం మనిషి మనిషికీ మారుతుంది. ఒకే మనిషికి కూడా కుడిచేతికి ఒకటి, ఎడమచేతికి ఒకటి.

వాద్యం ముందు కూర్చున్న బాలుడో బాలికో నాలుగు దినాలు ప్రయత్నించి, చేయి నొచ్చి, తనకు సంగీతం రాదని లేచిపోవడం తరచుగా జరిగే సంగతే. అప్పుడు పెద్దలు చేయవలసిన మొదటి పని నిందించడం కాదు, ఒక స్కేలు తెచ్చి కొలవడం. దండి వెడల్పు ఎంత, గుర్రం దగ్గర ఎడం ఎంత, ఆ చేయి ఎంత సాగుతుంది? ఈ మూడు కొలతలూ పక్కపక్కన వ్రాసి చూస్తే, లోపం వేలిదో వాద్యానిదో చాలావరకు తెలిసిపోతుంది. వాద్యానిదైతే దానిని మార్చవచ్చును, చేతిని మార్చలేం.